విద్యకు స్త్రీపురుష భేదమున్నదా?

గోరువెచ్చని పాలలో తోడువేసి పెరుగు చేయడం, రుబ్బిన పిండిని రాత్రంతా ఉంచి పులియబెట్టడం మన ఇళ్లలో నిత్యం జరిగే పనులు. వేసవిలో తోడు ఎంత వేయాలో, చలికాలంలో ఎంత వేయాలో గృహిణికి ఎవరూ పుస్తకం చూసి చెప్పనక్కరలేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు పదార్థాన్ని మార్చే ఈ క్రియనే శాస్త్రం కిణ్వప్రక్రియ అంటుంది. తరతరాలుగా ఈ విద్య స్త్రీల చేతిలోనే ఉన్నది. అయితే అదే ప్రక్రియ వంటగది దాటి కర్మాగారంలోని పెద్ద తొట్టెలలోకి చేరి, దానికి జీతమూ హోదా లభించగానే అది మగవారి పని అయిపోయింది. ఈ వింత న్యాయాన్ని స్వయంగా ఎదుర్కొన్న మహిళ, బయోకాన్ సంస్థను స్థాపించిన కిరణ్ మజుందార్ షా. ఆమె జీవితాన్ని కేవలం విజయగాథగా చదివి మెచ్చుకోవడం తేలిక. అందులో సమాజానికి ఉన్న హెచ్చరికను గ్రహించడమే అవసరం.

కిరణ్ మజుందార్ 1953లో బెంగళూరులో జన్మించారు. వైద్యవిద్య చదవాలని ఆశించారు కాని, అందుకు అవసరమైన ఉపకారవేతనం లభించలేదు. 1973లో జంతుశాస్త్రంలో పట్టా పొందారు. తండ్రి రసేంద్ర మజుందార్ బీరు తయారీలో ప్రధాన నిపుణుడు. ఆ తయారీ వెనుక ఉన్న శాస్త్రాన్ని అభ్యసించమని ఆయనే కుమార్తెను ప్రోత్సహించారు. ఆమె ఆస్ట్రేలియాలోని బల్లారట్‌కు వెళ్లి, తరగతిలో ఏకైక విద్యార్థినిగా చదివి, ప్రథమ స్థానంలో నిలిచారు. 1975లో ఆ విద్యలో నిపుణురాలిగా అర్హత సంపాదించారు. పానీయం మంచిచెడ్డలను చర్చించడం ఇక్కడ మన ఉద్దేశం కాదు. ఒక శాస్త్రాన్ని శ్రద్ధగా నేర్చిన వ్యక్తికి ఏమి జరిగిందన్నదే ప్రశ్న.

స్వదేశానికి తిరిగివచ్చిన ఆమెకు కొంతకాలం సాంకేతిక సలహాదారు వంటి పనులు దొరికాయి. కాని కర్మాగారంలో తయారీ బాధ్యతను అప్పగించడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇది పురుషులు చేసే పని అన్నదే ఆమెకు లభించిన సమాధానం. ఆమె చదువులో లోపమున్నదని ఎవరూ అనలేదు. ఆ చదువు స్త్రీ వద్ద ఉండటమే వారికి లోపంగా తోచింది. చివరకు స్కాట్లాండ్‌లో ఉద్యోగానికి వెళ్లబోతున్న తరుణంలో, ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో ఎంజైముల సంస్థ నడుపుతున్న లెస్లీ ఆకిన్‌క్లాస్‌తో పరిచయమైంది. భారతదేశంలో భాగస్వామి కోసం వెదకుతున్న ఆయన ఆమె సామర్థ్యాన్ని గుర్తించారు.

1978లో బెంగళూరులో, అద్దె ఇంటి కారు షెడ్డులో, పదివేల రూపాయల మూలధనంతో బయోకాన్ ఇండియా ప్రారంభమైంది. అప్పటి నిబంధనల ప్రకారం విదేశీ భాగస్వామి వాటా 30 శాతానికి మించరాదు. మిగిలిన 70 శాతం వాటాతో సంస్థ బాధ్యత ఆమెపైనే పడింది. అప్పటికి ఆమె వయస్సు 25 సంవత్సరాలు. బయోటెక్నాలజీ అన్న మాట దేశానికి కొత్త. దానికి తోడు ఆమె స్త్రీ. ఈ మూడు కారణాలను చూసి బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనుకాడాయి. ఒక మహిళ నడిపే సంస్థలో చేరడానికి ఉద్యోగార్థులు సైతం సంకోచించారు. ఆమె వద్ద చేరిన మొదటి ఉద్యోగి, పదవీ విరమణ చేసిన ఒక మెకానిక్. ఒక వేడుకలో అనుకోకుండా పరిచయమైన బ్యాంకు అధికారి ద్వారా మాత్రమే మొదటి రుణం లభించింది.

ఆ తరువాతి చరిత్ర అందరూ ఎరిగినదే. బొప్పాయి పాల నుండి పపైన్ అనే ఎంజైమును తయారుచేసి, ఏడాది తిరగకముందే సంస్థ అమెరికాకు, ఐరోపాకు ఎగుమతులు సాగించింది. ఎంజైముల నుండి క్రమంగా ఔషధాల వైపు మళ్లింది. 2004లో, ఈస్టు కణాల సాయంతో తయారైన మానవ ఇన్సులిన్‌ను మన దేశపు మధుమేహ రోగులకు అందించింది. అదే ఏడాది స్టాక్ మార్కెట్‌లో ప్రవేశించిన మొదటి రోజే సంస్థ విలువ వందకోట్ల డాలర్లను దాటింది. 2021లో ఈ సంస్థ ఇన్సులిన్‌కు, మూల ఔషధానికి బదులుగా వాడదగినదిగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లభించింది. ఇన్సులిన్ రకాలలో అటువంటి ఆమోదం పొందిన మొదటి ఔషధం అదే. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బీరు తయారీకీ, ఇన్సులిన్ తయారీకీ మూలమైన విద్య ఒక్కటే. సూక్ష్మజీవికి తగిన ఆహారాన్ని, ఉష్ణోగ్రతను సమకూర్చి, కోరిన పదార్థాన్ని రాబట్టడమే ఆ విద్య. ఉద్యోగానికి పనికిరాదన్న ఆ నైపుణ్యమే వేలమందికి ఉపాధినీ, లక్షలమందికి ఔషధాన్నీ ఇచ్చింది.

ప్రతిభ ఉంటే ఎవరైనా ఎదుగుతారు, ఆమె జీవితమే ఇందుకు నిదర్శనం అని కొందరు వాదించవచ్చు. ఈ వాదనతో నేను ఏకీభవించలేను. ఆమెకు చదువుకున్న కుటుంబం ఉన్నది. వెన్నుతట్టిన తండ్రి ఉన్నాడు. విదేశీ పట్టా, ఆంగ్ల భాషా పరిచయం ఉన్నాయి. ఇన్ని అనుకూలతలున్న వ్యక్తికే అన్ని తలుపులు మూసుకుపోతే, అవేవీ లేని గ్రామీణ యువతి సంగతి ఏమిటి? వేడుకలో బ్యాంకు అధికారి తారసపడకపోయి ఉంటే, ఆ సంస్థ కారు షెడ్డులోనే ముగిసిపోయేదేమో. దేశంలో ఒక పరిశ్రమ పుట్టుక యాదృచ్ఛికమైన పరిచయంపై ఆధారపడటం గర్వించదగిన విషయం కాదు. గెలిచిన ఒక్కరిని సన్మానించేటప్పుడు, అదే తలుపు వద్ద నుండి వెనుదిరిగిన వారిని కూడా స్మరించడం న్యాయం.

మహిళలకు ఆర్థిక బాధ్యత తెలియదన్న అపోహకు మన పల్లెలే సమాధానం చెప్పాయి. పొదుపు సంఘాలలోని స్త్రీలు రూపాయి రూపాయి కూడబెట్టి, తీసుకున్న అప్పును వాయిదాల ప్రకారం చెల్లిస్తూ బ్యాంకుల నమ్మకాన్ని సంపాదించారు. పాడిగేదెకు, కుట్టుమిషనుకు ఇచ్చే అప్పులో చూపిన ఆ నమ్మకాన్ని, కర్మాగారం పెట్టదలచిన యువతి విషయంలోనూ చూపాలి. అది దయ కాదు, వివేకం. నైపుణ్యమున్న చేతికి పని ఇవ్వకపోతే నష్టపోయేది ఆ చేయి మాత్రమే కాదు, దేశం కూడా.

ఇంటర్మీడియట్ చదువుతున్న మీకు ఈ జీవితం రెండు విషయాలు బోధిస్తుంది. కోరిన సీటు రాకపోవడం విద్యకు ముగింపు కాదన్నది మొదటిది. శ్రద్ధగా నేర్చిన శాస్త్రం ఎక్కడో ఒకచోట అక్కరకు వస్తుంది. రెండవది ఇంతకన్న ముఖ్యమైనది. మీలో కొందరు రేపు బ్యాంకు అధికారులవుతారు, కొందరు యజమానులవుతారు, అందరూ ఏదో ఒక నిర్ణయం చేసే స్థానానికి చేరుతారు. అప్పుడు ఒక యువతి తన పథకంతో మీ ఎదుట నిలిస్తే, నీకు హామీ ఎవరు అని ప్రశ్నించే ముందు, ఈ పని నీకు ఎంతవరకు తెలుసు అని అడగండి. ఆమె చెప్పే సమాధానాన్ని ఓపికగా వినండి.