కొట్టి చూడని కుండ

మా హవేలిఘనపూర్ పల్లెలలో కుండ కొనేవారెవ్వరూ రంగు చూసి డబ్బు చెల్లించరు. వేలితో కొట్టి చూస్తారు. ఖంగున మోగితే తీసుకుంటారు, పగులు చప్పుడు వస్తే పక్కన పెడతారు. కుమ్మరి అందుకు నొచ్చుకోడు. ఈపాటి జాగ్రత్త కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలో లోపించడం విచారకరం.

2019 ఏప్రిల్ 18న వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలను విద్యార్థి లోకం మరువలేదు. ఒక బాలికకు తెలుగులో సున్న వచ్చినది. పునఃపరిశీలనలో తేలిన మార్కులు 99. దిద్దినవారు పత్రంపై వృత్తాలు నింపడంలో పొరబడినారు. తెలుగు పత్రాలు దిద్దే వృత్తిలో ఉన్న మాకు అది పరాయి పొరపాటు కాదు. చేయి తప్పడం సహజం. అయితే మొదటి సంవత్సరం చక్కగా ఉత్తీర్ణురాలైన విద్యార్థినికి సున్న పడినప్పుడు, ప్రోగ్రాం ఆగి "ఇది నిజమా?" అని ఎందుకు ప్రశ్నించలేదు? ప్రభుత్వం నియమించిన త్రిసభ్య సంఘం సాంకేతిక లోపాలను ఎత్తిచూపినది. ఉచిత పునఃపరిశీలనలో వేయిమందికి పైగా ఉత్తీర్ణులైనారు. ఫలితాల తరువాతి దినాలలో ఇరవైమందికి పైగా పిల్లలు అకాల మరణం పాలైనారు. ప్రతి మరణానికీ యంత్రమే కారణమని మేము అనజాలము. కాని ముందుగా పట్టుకోదగిన తప్పులు పిల్లల ఇళ్లదాకా వెళ్లినవన్నది సత్యం.

సరియైన అంకెలిచ్చి సరియైన జవాబు రాబట్టడం పరీక్షలో సగమే. శత్రువు వలె చెడగొట్ట జూడడం మిగిలిన సగం. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బార్టన్ మిల్లర్, గాలివాన రాత్రి టెలిఫోన్ తీగలో చొరబడిన పిచ్చి అక్షరాలకే ప్రోగ్రాములు కూలిపోవడం గమనించినారు. అర్థంలేని అక్షరాలను కావాలనే పంపి చూడవలసిందిగా తన విద్యార్థులకు పని అప్పగించినారు. యూనిక్స్ ప్రోగ్రాములలో దాదాపు నాలుగో వంతు నుండి మూడో వంతు వరకు కూలినవో, స్తంభించినవో అని 1990లో ప్రకటించినారు.

చెడగొట్టడం కళాశాల నేర్పదగినదేనా అని పెద్దలు శంకించవచ్చు. అనుమతి లేక పరుల యంత్రంలో చొరబడడం నేరమే. కాని మన ప్రోగ్రామును వాడుకలోకి రాకముందే మనమే పరీక్షించి పగులగొట్టడం ధర్మం.

కనుక ఒక జట్టు వ్రాసిన ప్రోగ్రామును వేరొక జట్టుకు అప్పగించాలని మా సూచన. లేని హాల్‌టికెట్ నంబరు, వందకు నూటపది మార్కులు, ఖాళీ గడి, ఉర్దూ లిపిలో వ్రాసిన పేరు ఇచ్చి చూడాలి. కనుగొన్న ప్రతి లోపానికీ మార్కులు వేయాలి. తప్పు చూపినవానిని వ్రాసినవాడు మిత్రునిగా భావించాలి. వచ్చే విద్యాసంవత్సరంలో కార్యవర్గం వారు ఈ విషయం పరిశీలింతురు గాక.