ఆటకు పూచీకత్తు ఎందుకు?

ఈ మధ్య ఒక జిల్లా కేంద్రంలోని బాలికల ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థినులు ప్రత్యేక సంచిక తెచ్చారు. ఆర్టు పేపరు, రంగుల అట్ట, మంత్రిగారి శుభాకాంక్షలు, ఎమ్మెల్యేగారి శుభాకాంక్షలు, గత ఎన్నికల్లో ఆయన చేతిలో ఓడిపోయినవారి శుభాకాంక్షలు, అన్నీ ఉన్నాయి. 1962 చైనా యుద్ధం నాటి ముచ్చటకు నిండుగా రెండు పుటలు కేటాయించారు. ఆడపిల్లలు చేతి గాజులు, చెవి దుద్దులు తీసి జాతీయ రక్షణ నిధికి ఇచ్చిన వైనం, నగలున్న పళ్లెం పక్కన హెడ్మిస్ట్రెస్ నిలబడ్డ ఫొటో. బాగుంది. అదే బడిలో, అవే సంవత్సరాల్లో రింగ్ టెన్నిస్, బాల్ బ్యాడ్మింటన్ ఆడిన అమ్మాయిల గురించి మా రచయిత్రి ఒకరు రాసిచ్చిన వ్యాసం మాత్రం అందులో లేదు.

అడిగితే స్థలాభావం అన్నారు. ఇంకాస్త గట్టిగా అడిగితే అసలు మాట బయటికొచ్చింది. "స్ఫూర్తిదాయకంగా లేదండీ. వాళ్లు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు కదా, ఆడుకున్నారంతే."

మాకు కోపమేమీ లేదు. వ్యాసాలు తిరిగి రావడం పత్రికలవాళ్లకు కొత్త కాదు, మేమూ తిప్పి పంపుతూనే ఉంటాం. ఆ వ్యాసంలో ఏముందో మాత్రం చెప్పాలి. వల కొనడానికి డబ్బుల్లేక రెండు వేపచెట్ల మధ్య కొబ్బరితాడు కట్టారు. అన్నం గంట కొట్టగానే ఒకమ్మాయి డబ్బాలో సున్నం కలుపుకొచ్చి గీతలు వేసేది. ఓణీ చెంగు నడుముకు బిగించి, పరికిణీ కాస్త ఎత్తి దోపుకొని ఆడేవారు. పట్టుబడిన రింగు కంటే జారిపోయిన రింగుకే ఎక్కువ నవ్వేవారు. సాయంత్రం ఇంటికెళితే కాళ్లకంటిన మట్టి చూసి తల్లులు తిట్టేవారు. ఇందులో స్ఫూర్తి లేదట. గాజులిచ్చిన చేతులూ, రింగు విసిరిన చేతులూ ఒకే పిల్లలవని కమిటీవారికి తట్టలేదు.

ఈ చూపు మన ఊళ్లో పుట్టింది కాదు. బాలికల బడి, యుద్ధం, దానం, ఆట అనే నాలుగూ ఒకచోట చేరిన ప్రతి దేశంలోనూ కనిపిస్తుంది. అన్నిటికంటే తేటగా కనిపించేది మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్‌లో.

అక్కడ ఆడపిల్లల బడుల్లోకి ఆట ఊరికే రాలేదు. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1877లో మొదలైన సెయింట్ లెనార్డ్స్ బడికి మొదటి ప్రధానోపాధ్యాయురాలు లూయిసా లమ్స్‌డెన్. ఆమె అమెరికా ఖండానికి వెళ్లినప్పుడు అక్కడి ఆదివాసులు ఆడే లక్రాస్ చూసి ముచ్చటపడింది. 1890 నాటికి ఆ బడిలో పిల్లలు ఆ ఆట ఆడుతున్నారు. 1885లో లండన్‌లో మేడమ్ బెర్గ్‌మన్ ఓస్టర్‌బెర్గ్ స్త్రీల వ్యాయామ కళాశాల పెట్టింది. అక్కడ శిక్షణ పొందినవాళ్లే బడిబడికీ వెళ్లి డ్రిల్లు టీచర్లయ్యారు. ఆడపిల్లలు పరుగెత్తితే గర్భసంచి చెడుతుందని డాక్టర్లు రాస్తున్న కాలమది. వాళ్ల నోరు మూయించాలంటే ఏదో ఒక పూచీకత్తు చూపాలి. ఆడితే ఆరోగ్యవంతులైన తల్లులవుతారు, జాతికి బలమైన బిడ్డలను కంటారు అని చూపారు. అలా ఆడపిల్ల ఆటకు తొలి హామీదారు ఇంకా పుట్టని బిడ్డ.

1914లో యుద్ధం వచ్చింది, హామీదారు మారాడు. ఆ శరత్తులో కందకాల్లోని సైనికులకు 3 లక్షల జతల మేజోళ్లు, 3 లక్షల నడుము పట్టీలు కావాలని మేరీ రాణి స్త్రీలకు పిలుపునిచ్చింది. బడుల్లో సూదులు కదిలాయి. పిల్లలు పాఠం వింటూ అల్లారు, భోజనాల బల్ల దగ్గర అల్లారు. స్కాట్లాండ్ బురద నేలల్లో మోకాలి లోతు నీళ్లలో దిగి స్ఫాగ్నం నాచు ఏరారు. తన బరువుకు ఇరవై రెట్ల తడి పీల్చే ఆ నాచు, దూదికి కరువొచ్చినప్పుడు గాయాల కట్లకు పనికొచ్చింది. 1917లో చెట్ల కింద రాలిన గుర్రపు చెస్ట్‌నట్ గింజలు బస్తాలకెత్తమన్నారు. ఎందుకో చెప్పలేదు. వాటి నుంచి అసిటోన్ తీసి, దాంతో కార్డైట్ అనే తుపాకిమందు తయారుచేయాలన్నది ప్రభుత్వం ఎత్తు. సేవ అనుకొని పిల్లలు ఏరింది మందుగుండు. కొన్ని బడుల్లో ఆటస్థలాలు దున్ని బంగాళాదుంపలు వేశారు.

చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీ తన వసతిగృహాల్లో ఒకదాన్ని గాయపడిన సైనికుల ఆసుపత్రిగా మార్చి నడిపింది. అప్పటి ప్రిన్సిపాల్ లిలియన్ ఫెయిత్‌ఫుల్. ఈమె ఎవరో ఆసుపత్రి కథ చెప్పేవారు ఎక్కువగా చెప్పరు. 1895లో మగవాళ్ల హాకీ సంఘం ఆడవాళ్లను చేర్చుకోనంటే, ఆడవాళ్లు సొంతంగా పెట్టుకున్న సంఘానికి తొలి అధ్యక్షురాలు ఆమే. ఆసుపత్రి పెట్టిన స్త్రీ, హాకీ కర్ర పట్టిన స్త్రీ ఒక్కరే. చరిత్ర మాత్రం మొదటి సగాన్ని చట్రం కట్టి గోడకు పెట్టింది, రెండో సగాన్ని అటక మీద పడేసింది.

ఇక్కడే మా వాదమంతా ఉంది. ఆడపిల్ల ఇచ్చినప్పుడు లోకం ఆమెను లెక్కరాసుకుంటుంది. తనకోసం ఆడుకున్నప్పుడు ఆ పుట చింపేస్తుంది. మధ్యేమార్గంగా లోకం ఒప్పుకున్నది ఒక్కటే: దానం కోసం ఆడితే సరే.

ఆ సరే ఎంత బోలుదో చెప్పడానికి బడి గేటు దాటి ఫ్యాక్టరీకి వెళ్లాలి. ప్రెస్టన్ పట్టణంలో డిక్, కెర్ కంపెనీలో యుద్ధ సామగ్రి తయారుచేసే అమ్మాయిలు 1917 క్రిస్మస్ రోజున డీప్‌డేల్ మైదానంలో ఫుట్‌బాల్ ఆడారు. 10 వేల మంది చూశారు. 600 పౌండ్లకు పైగా వసూలై గాయపడిన సైనికుల ఆసుపత్రికి వెళ్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. యుద్ధం ముగిశాక కూడా వాళ్లు ఆడుతూనే ఉన్నారు, దానాలకు డబ్బు పోగుచేస్తూనే ఉన్నారు. బడి ఈడు పిల్ల లిలీ పార్ ఆ జట్టులో చేరి గోల్ మీద గోల్ కొట్టింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ల ఆటకు 53 వేల మంది వచ్చారు. చోటు చాలక వేలమంది బయటే ఉండిపోయారు.

సరిగ్గా అప్పుడే ఫుట్‌బాల్ సంఘం పెద్దలకు నొప్పి పుట్టింది. 1921 డిసెంబరు 5న తీర్మానం చేశారు: ఈ ఆట స్త్రీలకు తగదు, సంఘంలోని క్లబ్బులేవీ వాళ్లకు మైదానం ఇవ్వరాదు. దానికి తగిలించిన రెండో కారణం చూడండి. దానానికని వసూలైన డబ్బులో ఖర్చులకే ఎక్కువ పోతోందట! నాలుగేళ్లు ఏ దానం పేరు చెప్పి మైదానంలోకి రానిచ్చారో, ఆ దానం లెక్కలే చూపి గెంటేశారు. మగవాళ్ల మ్యాచ్‌ల టికెట్ డబ్బు ఎవరి జేబులోకి పోతోందని ఆ పెద్దమనుషులు ఎన్నడైనా అడిగారా? ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు నిలిచింది. ఫుట్‌బాల్ సంఘం క్షమాపణ చెప్పింది 2008లో. చెప్పించుకోవాల్సినవాళ్లలో చాలామంది అప్పటికి మట్టిలో కలిసిపోయారు.

ఓటు సంగతీ అంతే. స్త్రీల యుద్ధసేవకు మెచ్చి 1918లో ఓటిచ్చామని ఘనంగా చెప్పుకుంటారు. ఇచ్చింది 30 ఏళ్లు దాటి, ఆస్తి అర్హత కూడా ఉన్నవాళ్లకు. 1914లో పద్నాలుగేళ్ల వయసులో మేజోళ్లు అల్లిన బడిపిల్ల ఓటు కోసం 1928 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. అదే 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు తొలిసారి 800 మీటర్లు పరుగెత్తితే, అలసి కూలబడ్డారని గోల చేసి 1960 వరకు ఆ పరుగే తీసేశారు. మగవాడు అలిసిపోతే వీరుడు, ఆడది అలిసిపోతే అనర్హురాలు.

సేవ ఒక్కటే ఆడపిల్ల ధర్మమని బడి నమ్మితే అది ఎక్కడిదాకా పోతుందో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒకినావా దీవి చెబుతుంది. 1945 మార్చిలో అక్కడి రెండు బాలికల విద్యాలయాల నుంచి 222 మంది విద్యార్థినులను, 18 మంది టీచర్లను జపాన్ సైన్యం గుహల్లోని ఆసుపత్రులకు తరలించింది. కోసేసిన కాళ్లూ చేతులూ మోసి పారబోయడం ఆ పిల్లల పని. జూన్ 18న, చుట్టూ గుళ్లు కురుస్తుంటే, ఇక మీ దారి మీరు చూసుకోండని పంపేశారు. మొత్తం 136 మంది చనిపోయారు. ఎక్కువమంది పోయింది ఆ ఆజ్ఞ తర్వాతి రోజుల్లోనే. హిమెయూరి అని పిలిచే ఈ పిల్లలంటే జపాన్‌లో నేటికీ గొంతు పూడుకుపోతుంది. వాళ్లను త్యాగమూర్తులనడం సులువు. వాళ్లకేం కావాలని ఆ మార్చిలో ఎవరూ అడగలేదన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

కష్టకాలంలో చేతనైన సాయం చేయడం మనిషి ధర్మం కాదా అంటారు; ధర్మమే, ఎవరు కాదన్నారు?

మన హైదరాబాద్ ఆడపడుచు సరోజినీ నాయుడుకు ఆ ధర్మమూ తెలుసు, దాని హద్దూ తెలుసు. 1914లో లండన్‌లో ఆమె సభ్యురాలిగా ఉన్న లైసియం క్లబ్బు స్త్రీలు సైనికులకు బట్టలు కుట్టే పని నెత్తికెత్తుకున్నారు. కొలతలకు కత్తిరించిన గుడ్డల కుప్ప తెచ్చి తన ముందు పోసి, కుట్టించి ఇమ్మందని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. మరుసటేడు డిసెంబరులో హైదరాబాద్ మహిళల యుద్ధ సహాయ సంఘం నివేదిక కోసం 'ద గిఫ్ట్ ఆఫ్ ఇండియా' కవిత రాసింది. ఆ కవిత అందరికీ గుర్తే. రెండేళ్లు తిరిగేసరికి, 1917 డిసెంబరులో, మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వ భారత వ్యవహారాల మంత్రి మాంటేగు ముందుకు స్త్రీల ప్రతినిధి బృందాన్ని తీసుకెళ్లి మాకూ ఓటు కావాలని అడిగిందీ ఆమే. ఇచ్చినందుకు వాళ్లంతట వాళ్లే ఏదో ఇస్తారని కూర్చోలేదు. ఇవ్వడం వేరు, హక్కు అడగడం వేరని ఆమెకు తెలుసు. మన ప్రత్యేక సంచికల కమిటీలకు నూరేళ్ల తర్వాతా తెలియడం లేదు.

మాకిప్పుడు కనిపిస్తున్న కొత్త హామీదారు పతకం. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి కంచు పతకం తెచ్చినప్పుడు ఊరూరా మిఠాయిలు పంచాం. మొన్న 2025లో ప్రపంచ కప్పు గెలిచిన క్రికెట్ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉందని పొంగిపోయాం. పొంగాల్సిందే. అయితే ఆ పొంగులో ఉన్నదీ పాత లెక్కే: దేశానికి ఏమిచ్చింది? ఏమీ గెలవని అమ్మాయి, గెలవాలని కూడా అనుకోని అమ్మాయి, సాయంత్రం గంటసేపు ఊపిరి అందనంతగా పరుగెత్తి ఇంటికెళ్లాలనుకునే అమ్మాయి ఎవరి లెక్కలోకీ రాదు. బడి కొత్త గదులు కట్టాలంటే ముందు ఆమె ఆటస్థలమే కనిపిస్తుంది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే ముందు ఆమె ఆటల పీరియడ్డే లెక్కల టీచరు చేతికి పోతుంది. వ్యాయామం టీచరు పోస్టు ఏళ్లతరబడి ఖాళీగా ఉన్నా ఏ తండ్రీ ధర్నా చేయడు.

వచ్చే పేరెంట్స్ మీటింగుకు వెళ్లే పాఠకులు మార్కుల కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మా అమ్మాయి వారానికి ఎన్ని గంటలు మైదానంలో ఉంటోంది? ఎందుకని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆరోగ్యానికనీ, పతకాలకనీ, స్పోర్ట్స్ కోటా సీటుకనీ చెప్పకండి. ఆడుకోవడానికి అని చెప్పండి. ఆడపిల్ల ఆటకు అంతకు మించిన కారణం అక్కర్లేదు.