స్క్రీన్‌షాట్ ఎంత పొడుగుండాలి?

మొబైల్ యాప్‌లు తయారుచేసే మిత్రులు మన కాలేజీలో ఏటా పెరుగుతున్నారు. సంతోషించవలసిన విషయమే. కాని నెలల తరబడి నిద్ర మానుకుని యాప్ రాసినవాడే, దాన్ని స్టోర్‌లో పెట్టేనాడు స్క్రీన్‌షాట్ల దగ్గరకొచ్చేసరికి “ఏదో ఒకటి పెట్టేద్దాం లెద్దూ!” అంటాడు. నా పేచీ అంతా ఈ “ఏదో ఒకటి” తోనే.

పెళ్ళిచూపులకు ముందు ఫొటో వెళ్ళినట్టు, యాప్ కంటే ముందు దాని బొమ్మే జనం ముందుకు వెళుతుంది. ఆ బొమ్మకు కొలతలున్నాయి. గూగుల్ ప్లే నియమం ప్రకారం ఏ పక్కా 320 పిక్సెళ్ళకు తగ్గకూడదు, 3840 దాటకూడదు. పొడుగు వెడల్పుకు రెట్టింపు మించకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈనాడు చాలా ఫోన్ల తెర 1080కి 2400. 1080కి రెట్టింపు 2160 మాత్రమే గదా! అంటే మన జేబులోని ఫోన్‌తో తీసిన బొమ్మ తీసినట్టుగా పనికిరాదన్నమాట.

అప్పుడు మనవాళ్ళేం చేస్తారు? దాన్ని నొక్కి 1080కి 1920లో ఇరికిస్తారు. గుండ్రటి బొత్తాలు కోడిగుడ్లవుతాయి, అక్షరాలు చదునైపోతాయి. చెప్పుకు తగ్గట్టు కాలు కోసుకోవడమంటే ఇదే!

దీనికి మార్గం సులువు. 1080కి 1920 కాగితం పరచుకుని, అసలు బొమ్మను మూడింట రెండు వంతులకు తగ్గించండి. అది 720కి 1600 అవుతుంది. రూపం చెడదు. పైన మిగిలిన 320లో యాప్ ఏం చేస్తుందో నాలుగు మాటల్లో పెద్దక్షరాలతో రాయండి. ఆపిల్ వారి పద్ధతి వేరు. అక్కడ 1320కి 2868 వంటి ఖచ్చితమైన కొలతలే ఇవ్వాలి. పెద్ద తెరకిచ్చినదాన్ని చిన్న తెరలకు వాళ్ళే తగ్గించుకుంటారు.

“యాప్ బాగుంటే చాలదా, ఈ కొలతల గొడవెందుకు?” అని కొందరంటారు. నేనొప్పుకోను. యాప్ బాగున్నదీ లేనిదీ తెలిసేది తెరిచినవాడికి గదా! తెరవాలా వద్దా అని తేల్చేది బొమ్మే. అందులోనూ మన తెలుగు సంగతి వేరు. ఇంగ్లీషు అక్షరం చిన్నదైనా పోల్చుకోవచ్చు. మన వత్తులూ గుడులూ బొమ్మ చిన్నదయ్యేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తెలుగు తప్ప మరో భాష రానివాడికోసం చేసిన యాప్‌ను వాడే చదవలేకపోతే ఆ శ్రమంతా ఎవరికోసం?

కాబట్టి మిత్రులారా, కొలతను చివరి నిమిషానికి వదిలెయ్యకండి. బొమ్మ పెట్టేముందు చిన్న తెర ఉన్న ఫోన్‌లో, కళ్ళజోడు పెట్టుకునే పెద్దవాళ్ళెవరికైనా చూపించండి. వాళ్ళు చదవగలిగితే అదే సరైన కొలత!