కళ్లలోకి చూడకపోతే ఉద్యోగం రాదా?

మన పల్లెల్లో పిల్లలకు నేర్పే మర్యాదల్లో ఒకటుంది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే తల కాస్త దించుకుని వినాలి. అదే పిల్ల డిగ్రీ ఫైనలియర్‌కొచ్చి మాక్ ఇంటర్వ్యూలో కూర్చుంటే మొదట వినే మాట, ‘కళ్లలోకి చూడమ్మా, లేకపోతే కాన్ఫిడెన్స్ లేదనుకుంటారు!’

ఆ మాట నేనూ చెప్పాను. ఖమ్మంలో డిగ్రీ విద్యార్థులకు కొన్నాళ్లు ఇంటర్వ్యూ శిక్షణ ఇచ్చాను. చాలామందికి వారం ప్రాక్టీసుతో వచ్చేసింది. చర్ల వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయికి మాత్రం రాలేదు. ‘సార్, మీ కళ్లలోకి చూస్తుంటే మీరడిగింది చెవికెక్కట్లేదు. గోడవైపు చూస్తే అన్నీ అర్థమవుతాయి’ అంది. ‘అదే అలవాటైపోతుందిలే’ అని నవ్వేశాను. అలవాటు కాలేదు. నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయే రావడం మానేసింది.

ఆమెకు ఏముందో నాకు తెలియదు, తేల్చడం నా పనీ కాదు. కానీ ఎదుటివారి కళ్లలోకి చూస్తూ మాటలు వినడం చాలా కష్టమని ఆటిజం ఉన్నవాళ్లు ఎంతోమంది చెబుతారని తర్వాత చదివాను. ఆ రోజు నేను అడగాల్సింది ఒక్కటే. ‘సరే, గోడవైపే చూడు. ఇప్పుడు చెప్పు, నీ ప్రాజెక్టు ఏంటి?’

ఇదంతా ఎందుకంటే, మీలో కొందరు ఇప్పుడు సరిగ్గా ఆమె కూర్చున్న కుర్చీలోనే ఉన్నారు. ఉద్యోగం కావాలి. దానికోసం మీరు కానివాళ్లుగా మారాలని అందరూ చెబుతున్నారు. ఇంట్లో, హాస్టల్లో, కోచింగ్ సెంటర్లో అదే పాట. అలసిపోయి కౌన్సెలర్ దగ్గరకు వెళితే అక్కడా అదే పాఠం వినాల్సి వస్తే ఎట్లా? అలా కాని థెరపీ కూడా ఉంది. మిమ్మల్ని మార్చడం దాని లక్ష్యం కాదు. మీ మెదడు పనిచేసే తీరును ఉన్నదున్నట్టు తీసుకుని, మీకూ మీ చుట్టూ ఉన్నవాళ్లకూ మధ్య దారి వేస్తుంది. ఇంగ్లిష్‌లో దాన్ని ‘న్యూరోడైవర్జెంట్ అఫర్మింగ్’ థెరపీ అంటున్నారు. పేరు పెద్దదే కానీ సంగతి మాత్రం నేలమీదిదే.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా లాంటివి ఉన్నవాళ్ల మెదడు ఎక్కువమంది మెదళ్లలా కాక వేరే తీరులో పనిచేస్తుంది. అది బుద్ధి తక్కువతనం కాదు. న్యూరోడైవర్సిటీ అనే మాట 1990ల్లో ఆటిజం ఉన్నవాళ్ల చర్చల్లోంచే పుట్టింది. ఆస్ట్రేలియాకు చెందిన జూడీ సింగర్ 1998లో తన థీసిస్‌లో వాడాక చదువుల ప్రపంచానికీ తెలిసింది. అంతకుముందు దశాబ్దాలపాటు నడిచిన పద్ధతి వేరు. అమెరికాలో ఐవార్ లోవాస్ లాంటివాళ్లు పిల్లవాడికి తోటి పిల్లలతో తేడా కనిపించకుండా చేయడమే విజయమనుకున్నారు. చేతులు ఊపొద్దు, కళ్లలోకి చూడు, అడిగిందే తడవు జవాబు చెప్పు. ఆలోచిస్తే మన మాక్ ఇంటర్వ్యూలు ఇప్పటికీ దీన్నుంచి పెద్ద దూరం రాలేదు.

ఇక మన వైపు సంగతి. కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కి భద్రాచలం చేరి, అక్కడి నుంచి చర్ల రోడ్డు పట్టారనుకోండి. ఆ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో పిల్లలు ముందు నేర్చేది కోయ. తెలుగు బడిలో వస్తుంది. ఇంగ్లిష్ ఆ తర్వాత ఎప్పుడో. ఆశ్రమ పాఠశాలలో ఒక పిల్లవాడు చదవలేకపోతుంటే అది భాష వల్లా, డిస్లెక్సియా వల్లా అని ఆగి చూసేదెవరు? ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. తెలుగు ఇంకా పట్టుబడని పిల్లవాడికి ‘మొద్దు’ అని ముద్ర వేస్తారు. నిజంగానే డిస్లెక్సియా ఉన్న పిల్లవాణ్ని ‘అడవి పిల్లలు అంతేలే’ అని వదిలేస్తారు. రెండో తప్పే ఎక్కువ కాలం నడుస్తుందని నా అనుమానం. ఎందుకంటే ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఎవరికీ తప్పుగా అనిపించదు.

ఆ పిల్లవాడే ఇరవై ఏళ్లకు డిగ్రీ పట్టుకుని హైదరాబాద్ పీజీ హాస్టల్‌కు వస్తాడు. అప్పటికే ఒక వేషం మోస్తున్నాడు. ఇంటి భాష దాచి, యాస దిద్దుకున్నాడు. దానిమీద ఇంకో వేషం వేయాలి. గదిలో నలుగురి ముచ్చట్ల హోరు తలలో మోగుతున్నా నవ్వుతూ కూర్చోవాలి. ఇలా రోజంతా తన తీరును దాచుకుని బతకడాన్ని మాస్కింగ్ అంటారు. అది ఎక్కువైనవాళ్లలో తీవ్రమైన అలసట, ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. ‘మా వాడు ఇంటికొస్తే రెండు రోజులు పడుకునే ఉంటాడండీ, బద్ధకం’ అంటారు తల్లిదండ్రులు. బద్ధకం కాకపోవచ్చమ్మా.

మరి మంచి థెరపిస్టు ఏం చేస్తారు? ఒక గది అనుకోండి. ఇద్దరు రూమ్మేట్లు, ఇద్దరూ గ్రూప్స్‌కు చదువుతున్నారు. ఒకతనికి ఏడీహెచ్‌డీ. కరెంటు బిల్లు కడతానని మూడు నెలలుగా మర్చిపోతున్నాడు. రెండోవాడికి మండిపోతోంది. ‘నేనంటే లెక్కలేదు వీడికి.’ మామూలుగా ఇచ్చే సలహా ఏమిటి? ‘బాధ్యతగా ఉండు బాబూ, సారీ చెప్పు.’ సారీ చెబుతాడు, నాలుగో నెల మళ్లీ మర్చిపోతాడు. ఈసారి తనమీద తనకే అసహ్యం. అఫర్మింగ్ పద్ధతిలో అడిగే ప్రశ్న వేరు. ఎక్కడ తెగుతోంది? బిల్లు ఫోన్‌లో వస్తుంది, చూస్తాడు, ‘తర్వాత’ అనుకుంటాడు, మరుక్షణం అది బుర్రలోంచి పోతుంది. ప్రేమ లేక కాదు, పనిని మనసులో పట్టి ఉంచే చోట జారుతోంది. అయితే బిల్లును ఆటోపేలో పెట్టేయొచ్చు. లేదంటే ఆ పని రెండోవాడికిచ్చి, నీళ్ల క్యాన్ల పని ఇతను తీసుకోవచ్చు. క్యాన్ ఖాళీ అయితే కళ్లెదుటే కనిపిస్తుంది కదా, మర్చిపోయే చాన్సే లేదు. ఆ తర్వాత ఆ స్నేహితుణ్ని కూడా ఒకసారి సెషన్‌కు పిలిచి మాట్లాడతారు. అతని కోపం కూడా అబద్ధం కాదు.

నాకు ఈ పద్ధతిలో నచ్చింది ఇదే. గొడవను ఒక మనిషి లోపంగా కాక, ఇద్దరి మధ్య జరిగే సంగతిగా చూస్తుంది. ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఇదే వాదన చేశారు. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివారి మనసు తెలియదంటారు, సరే. మరి మిగతావాళ్లకు ఆటిజం ఉన్నవారి మనసు తెలుస్తోందా? తెలియకపోవడం రెండువైపులా ఉందన్నారాయన. 2020లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక కథను మనిషి నుంచి మనిషికి వరసగా చెప్పించి చూశారు. ఆటిజం ఉన్నవాళ్ల వరసలో కథ మిగతావాళ్ల వరసలో అంత బాగానే చేరింది. రెండు రకాలవాళ్లనూ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. ఆ తర్వాత ఇంకా పెద్ద ఎత్తున చేసినప్పుడు కలిపిన వరసలు కూడా వెనకబడలేదు. కాబట్టి తగాదా ఇంకా తేలలేదు. కానీ ‘వీళ్లకు మాట్లాడటమే రాదు’ అనే పాత మాటను రెండు పరీక్షలూ నిలబెట్టలేదు.

ఇక పెళ్లి విషయం. కెరియర్ పేజీలో పెళ్లేంటి అనుకోకండి. ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు ఇంట్లో మొదలయ్యేది అదే. ‘పెళ్లి చేస్తే వాడే సర్దుకుంటాడు’ అనే మాట మన ఇళ్లలో మందులా వాడతారు. పెళ్లి మందు కాదు. చప్పుళ్లు, వాసనలు భరించలేని మనిషిని చెప్పాపెట్టకుండా ఇరవైమంది చుట్టాలున్న ఇంట్లో దించితే ఇద్దరు మనుషులకు అన్యాయం జరుగుతుంది. ముందే చెప్పుకునే ధైర్యం కావాలి. ‘సాయంత్రం ఇంటికొచ్చాక ఒక గంట నన్ను కదిలించొద్దు, కోపంతో కాదు’ అనే ఒక్క వాక్యం భాగస్వామితో ఎలా చెప్పాలో నేర్పడం కూడా ఈ థెరపీలో భాగమే. చాలా కాపురాలకు ఆ ఒక్క వాక్యమే కరువు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ‘నేనింతే, భరించండి’ అనే లైసెన్స్ ఇది కాదు. మాటతో గాయపరిస్తే అది గాయమే, కారణం ఏదైనా. మందులకు వ్యతిరేకమూ కాదు. ఏడీహెచ్‌డీలో సైకియాట్రిస్టు రాసే మందులు ఎంతోమందికి పనిచేస్తాయి. ఇంకో మాట, ఇన్‌స్టా రీల్‌లో ‘ఈ పది లక్షణాలుంటే మీకు ఏడీహెచ్‌డీ’ అని చూసి తేల్చుకోకండి. నోటిఫికేషన్ పడ్డ వారం మనందరికీ ఆ పదీ ఉంటాయి.

ఇంటర్వ్యూ దగ్గరకొద్దాం. ఇక్కడ నాది మధ్యే మార్గం. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ కోసం కాసేపు వేషం వేయాలని మీకనిపిస్తే వేయండి, జీతం అవసరం నాకు తెలుసు. అది మీరు తీసుకునే నిర్ణయంగా ఉండాలి, అంతే. కళ్లకు బదులు కనుబొమల మధ్య చూస్తే ఎదుటివారికి తేడా తెలియదు. లేదా మొదట్లోనే ‘నేను ఆలోచించేటప్పుడు పక్కకు చూస్తాను, మీ మాట వింటూనే ఉంటాను’ అని చెప్పేయొచ్చు. ఏ రోగం పేరూ అక్కర్లేదు.

చట్టం కూడా కొంత మీ వైపుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం ఆటిజం, అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కలిపి కేటాయించారు. దీనికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఏడీహెచ్‌డీ పేరు ఆ 21లో లేదు. ఇది పెద్ద లోటే అని నా అభిప్రాయం. అయితే 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి తెరిచింది. రైటర్స్ క్రాంప్ ఉన్న సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో రాసిపెట్టే మనిషిని నిరాకరించడం కుదరదని, తగిన వెసులుబాటు కల్పించాల్సిందేనని చెప్పింది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ గురించి ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఒక పేరా ఉంటుంది. అందరూ దాటేసే పేరా అది. చదవండి.

ఎక్కడికి వెళ్లాలి అంటారా? ఇదే అసలు ఇబ్బంది. చర్ల నుంచి ఖమ్మం వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. కొత్తగూడెంలో, ఖమ్మంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఎక్కడో అడగండి. సికింద్రాబాద్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ మేధో వైకల్యం మీద పనిచేస్తుంది. అంతదాకా వెళ్లలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలిమానస్. ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. బతకడం వృథా అనిపించే ఆలోచనలు వస్తుంటే ఇంకేదీ చూడకుండా ముందు ఆ నంబర్‌కే చేయండి. అది థెరపీకి బదులు కాదు, దారి చూపే మొదటి మెట్టు.

ప్రైవేటుగా వెళ్తుంటే మొహమాటపడకుండా రెండు సంగతులు కనుక్కోండి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారికి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా? తర్వాత, ‘థెరపీ అయ్యేసరికి నాలో ఏం మారాలని మీరు చూస్తారు?’ అనండి. ‘నార్మల్ చేసేస్తాం’ అన్నారంటే ఫీజు కట్టకుండా బయటికొచ్చేయండి. ‘నీకు ఏది ఇబ్బందిగా ఉందో ముందు చెప్పు’ అంటే కూర్చోండి. 18 దాటాక మీరు అక్కడ చెప్పింది, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఇచ్చిన హక్కు ఇది.

మొదటిసారి వెళ్లేటప్పుడు పాత మార్కుల మెమోలు, దొరికితే చిన్నప్పటి నోటు పుస్తకం ఒకటి పట్టుకెళ్లండి. మీ చిన్నతనం తెలిసిన అమ్మో, అమ్మమ్మో, అక్కో వెంట వస్తే ఇంకా మంచిది. ఇంట్లో మీరు మాట్లాడేది కోయ అయితే ఆ సంగతి, బడిలో తెలుగు ఎన్నో తరగతికి పట్టుబడిందో ఆ సంగతీ ఒక కాగితం మీద రాసుకోండి. వాళ్లు అడగకపోయినా ముందు అదే చెప్పండి.