పాత గోటీలను గుర్తుపట్టడమెలా?

ట్రంకు పెట్టె అడుగున గీతలు పడ్డ గోటీ దొరికితే తాతల కాలం నాటిదని సంబరపడతాం. అది సరికాదు. రఘునాథపల్లి మొరం నేల మీద వారం ఆడితే (వార్డెన్ సారు కంట పడకుండా!) కొత్త గోటీకీ గీతలు పడతాయి.

చూడాల్సింది మచ్చను. 1846 ప్రాంతం నుంచి జర్మనీలోని లౌషాలో వేడి గాజు కడ్డీని ప్రత్యేకమైన కత్తెరతో కత్తిరించి గోటీలు చేసేవారు. కత్తిరించిన చోట గరుకు మచ్చ మిగిలేది. అమెరికాలో క్రిస్టెన్సెన్ యంత్రానికి 1905లో పేటెంటు వచ్చింది. యంత్రం చేసిన గోటీకి ఆ మచ్చ ఉండదు. గీతలు పోవాలని సానపట్టిస్తే మచ్చా పోతుంది, కాబట్టి ఆ పని చేయకండి.

మన ఇళ్లల్లో దొరికేది ఎక్కువగా గోలిసోడా గోలీ. లోపల రంగుల పువ్వు ఉండదు, ఉత్త గాజు. ఆ సీసాకు హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందాడు. అటువంటి సీసాలు నేటికీ తయారవుతున్నాయి. కాబట్టి చూపుతో దాని వయసు తేల్చలేం. ఎవరి సోడా బండిదో, ఏ ఏటిదో చెప్పగలిగింది ఇంట్లోని ముసలివాళ్లే. సేకరించేవాళ్లు ధర కట్టకపోయినా సరే, ఈ సెలవుల్లోనే అడిగి, చీటీ మీద రాసి గోలీతో పాటు దాచండి.