శంషాబాద్‌కు కావాల్సిన బంగారు జల్లెడ

2021 డిసెంబర్‌లో తెలంగాణలో తొలి ఒమిక్రాన్ కేసులు బయటపడింది శంషాబాద్ విమానాశ్రయంలో తీసిన నమూనాల్లోనే. ఆ ఇద్దరూ కెన్యా, సొమాలియాల నుంచి వచ్చారు. ఆ దేశాలు అప్పటి ముప్పు జాబితాలో లేవు. జాబితాకెక్కిన దేశాల ప్రయాణికులందరికీ అప్పట్లో పరీక్ష తప్పనిసరి. మిగతావారిలో నూటికి ఇద్దరినే ర్యాండమ్‌గా ఎంచుకునేవారు. అలా ఎంచుకున్నవారిలో వీళ్లుండటం కేవలం అదృష్టం. పైగా జన్యుక్రమం తేలేసరికి వాళ్లు నగరంలోకి వెళ్లిపోయారు. ఇంత పెద్ద అంతర్జాతీయ ద్వారానికి అదృష్టమే కాపలా కాకూడదు. దిగిన ప్రతి ఒక్కరినీ అక్కడికక్కడే చూడగలిగే తొలి జల్లెడ కావాలి. ఆ పని ర్యాపిడ్ కిట్లలోని నానో కణాల స్ట్రిప్ చేయగలదు.

చాలా ర్యాపిడ్ కిట్లలో కనిపించే ఎర్రగీత నిజానికి బంగారమే. బంగారాన్ని 40 నానోమీటర్ల వరకు చిన్నది చేస్తే దాని ఎలక్ట్రాన్లు కాంతికి ఒక్కటిగా ఊగి, ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటాయి. కంటికి ఎరుపే మిగులుతుంది. ఆ కణాలకు యాంటీబాడీలు అతికిస్తారు. ముక్కులోంచి తీసిన ద్రవంలో వైరస్ ప్రొటీన్ ఉంటే అవి దాన్ని పట్టుకుని, నైట్రోసెల్యులోజ్ పొర మీద పాకుతూ వెళ్లి, గీత దగ్గర చిక్కుకుంటాయి. పోగుపడినకొద్దీ గీత ఎర్రబడుతుంది. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు; పదిహేను, ఇరవై నిమిషాలు చాలు.

ఈ స్ట్రిప్‌లను నమ్మలేమన్నది బలమైన అభ్యంతరమే. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ అనుమతించిన కొవిడ్ కిట్, వైరస్ ఉన్నవారిలో 50.6 నుంచి 84 శాతం మందినే పట్టుకుంది. వైరస్ లేనివారిని లేనట్టుగా తేల్చడంలో మాత్రం 99.3 నుంచి 100 శాతం దాకా వచ్చింది. ఇందులో అధమ అంకెలతోనే లెక్క వేద్దాం. పదివేల మంది దిగారు, వారిలో పది మందికి వైరస్ ఉందనుకుందాం. నూటికి ఇద్దరి పద్ధతిలో 200 మందికి ఎంత కచ్చితమైన పరీక్ష చేసినా, సగటున అయిదుసార్లకు ఒక్క రోగి దొరుకుతాడు. స్ట్రిప్ అందరికీ పెడితే ప్రతిసారీ అయిదుగురు దొరుకుతారు. పొరపాటున పాజిటివ్ వచ్చేవారు మరో 70 మంది. ఆర్టీపీసీఆర్‌కు వెళ్లేది పదివేల నమూనాలు కాదు, 75 మాత్రమే. అక్కడ నిర్ధారణైన వాటిని జన్యు విశ్లేషణకు సీసీఎంబీ ప్రయోగశాలకు పంపవచ్చు. వేరియంట్ ఏదో చెప్పడం స్ట్రిప్ వల్ల కాదు.

తప్పించుకున్న అయిదుగురి మాటేమిటి? అందుకే నెగెటివ్‌ను క్లీన్‌చిట్‌గా ఇవ్వకూడదు. లక్షణాలు కనిపిస్తే మళ్లీ పరీక్షించుకోవాలని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపాలి. కొత్త వైరస్ వచ్చిన తొలి వారాల్లో దానికి తగిన యాంటీబాడీలు ఉండవన్నది ఇంకా గట్టి ప్రశ్న. అది నిజం, ఆ దశలో పీసీఆరే దిక్కు. కానీ యాంటీబాడీ చేతికొచ్చిన రోజున స్ట్రిప్‌ల తయారీ, నమూనాలు తీసే సిబ్బంది, గదులు సిద్ధంగా లేకపోతే ఆ తర్వాతి నెలలు కూడా వృథా అవుతాయి.

కాబట్టి ఈ ఏర్పాట్లకు ముందే రిహార్సల్ చేసుకోవాలి. అందుకు మహమ్మారి కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఫ్లూకు ర్యాపిడ్ కిట్లు ఇప్పటికే ఉన్నాయి. ఫ్లూ సీజన్‌లో శంషాబాద్ అరైవల్స్‌లో ఒప్పుకున్న ప్రయాణికులకు స్ట్రిప్, పీసీఆర్ రెండూ చేసి, ఎన్ని కలిశాయో, ఎన్ని తప్పాయో ప్రజల ముందు పెట్టాలి. సాధారణంగా 30 డిగ్రీలు దాటకుండా నిల్వ చేయాల్సిన ఈ కిట్లు మన మే నెల ఎండల్లో ఎంతవరకు నిలుస్తాయో కూడా ఆ లెక్కలో ఉండాలి.