ఫౌజు తెచ్చే జమ్‌హూరియత్

సద్దాం జాలిం, అందులో షక్ లేదు. రజాకార్లు చేసిందీ జుల్మే. కానీ జాలిమ్‌ను దించిన ఫౌజు జమ్‌హూరియత్ కూడా తెస్తుందా?

మా రెడ్డిగూడెం ఇలాఖాకు ఈ సవాల్ కొత్త కాదు. 1948 సెప్టెంబర్‌లో ఒక ఫౌజు నందిగామ, జగ్గయ్యపేట దారినే హైదరాబాద్ రియాసత్‌లోకి వెళ్లింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ రోజుల్లో, ఆ తర్వాత తక్కువలో తక్కువ 27 వేలమంది ప్రాణాలు పోయాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ రిపోర్టును దశాబ్దాలు దాచారు. 1952లో అవామ్ వోటేసి సొంత హుకూమత్ తెచ్చుకుంది గానీ, ఆ హిసాబ్ ఇంకా బాకీయే.

ఇరాక్‌లో 2005లోనే వోట్లు పడ్డాయి. 2020 జనవరి 5న విదేశీ ఫౌజులు వెళ్లిపోవాలని పార్లమెంటు తీర్మానించింది. కుర్దు, సున్నీ సభ్యులు చాలామంది రాలేదు, నిజమే. ట్రంప్ జవాబు మాత్రం ఆంక్షల ధమ్కీ.

పొమ్మంటే ఫౌజు పోవాలి, అడిగితే హిసాబ్ చెప్పాలి. అంతవరకూ ఇరాకీ వేలికి మిగిలింది సిరా మరకే.